తల్లిపాలు తాగే పసిబిడ్డకు చుక్కల మందులు నిజంగా అవసరమా?

హన్మకొండ_బాలింత
మా పాప నెలలు నిండి, మంచి బరువుతో పుట్టింది. నా పాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు. దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో విటమిన్ డి చుక్కలు, కాల్షియం సిరప్, మల్టీవిటమిన్ చుక్కలు రాశారు. మొన్న ఆరు వారాల టీకాకు వెళ్తే అక్కడ చూసిన వేరే డాక్టరు ఐరన్ చుక్కలు కూడా చేర్చారు. ఒకవైపు ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని గోడల మీద రాసి పెడతారు, మరొకవైపు చేతిలో నాలుగు సీసాలు పెడతారు. ఇన్ని సీసాలు చూసిన మా అత్తమ్మ నా పాలలో సత్తువ లేదని నిశ్చయించుకుని, డబ్బా పాలు తెమ్మని మా ఆయనకు చెప్పారు. ఈ నాలుగింటిలో ఏది అవసరమో, ఏది కాదో తెలిసినవారు కారణంతో సహా చెప్పగలరా?

సింగరేణి_రాత్రిషిఫ్టు
రామగుండం, వరంగల్ ఎండలలో పుట్టిన బిడ్డకు కూడా విటమిన్ డి సీసా రాస్తున్నారంటే ఇక సూర్యుడికి పని లేనట్టే. గనిలో దిగే నాకు రాస్తే అర్థం ఉంది.

కాజీపేట_నాన్న
ఇది పూర్తిగా వ్యాపారం. మా తరం వాళ్ళం ఏ చుక్కలూ లేకుండానే పెరిగాము. దవాఖానలో రాసిన సీసా ఆ దవాఖాన కింద ఉన్న దుకాణంలోనే దొరుకుతుంది, ఊరంతా తిరిగినా ఇంకెక్కడా దొరకదు. అన్నీ పక్కన పెట్టి పాలు మాత్రం పట్టండి.

పరకాల_మందుల_దుకాణం
కాజీపేట అన్న చెప్పినదానిలో సగం నిజముంది కానీ, మిగతా సగం ప్రమాదకరం. మందులమ్మే మనిషిని కాబట్టి నా మాట నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, అయినా చెబుతాను. నెలలు నిండి పుట్టి, తల్లిపాలు బాగా తాగుతున్న బిడ్డకు కాల్షియం సిరప్ మామూలుగా అవసరం లేదు, ఎందుకంటే పాలలోని కాల్షియం చాలినంత ఉంటుంది, బిడ్డ ఒంటికి సులభంగా పడుతుంది కూడా. మల్టీవిటమిన్ చుక్కలలో చాలావరకు తల్లిపాలలో ఉన్నవే రంగు, తీపి కలిపి అమ్ముతారు. ఈ మధ్య మెదడు పెరుగుదల కోసమని డీహెచ్ఏ చుక్కలు కూడా అడుగుతున్నారు. ఆ కొవ్వు తల్లిపాలలో సహజంగానే ఉంటుంది. విటమిన్ డి సంగతి మాత్రం వేరు, దానిని ఈ గుంపులో కలిపి పారేయవద్దు.

పిల్లల_వార్డు
నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. ప్రశ్న బాగుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

తల్లిపాలు పసిబిడ్డకు సంపూర్ణ ఆహారమన్న మాటలో తప్పు లేదు. విటమిన్ డి మాత్రం అందులో చాలా తక్కువ. లీటరు పాలలో సాధారణంగా వంద యూనిట్లు కూడా ఉండవు, బిడ్డకు రోజుకు కావలసినది 400 యూనిట్లు. ఇది ఏ ఒక్క తల్లి లోపమూ కాదు, ఎవరి పాలైనా ఇంతే, ఎందుకంటే ఈ విటమిన్‌ను ఎండ తగిలినప్పుడు చర్మమే తయారు చేసుకోవాలి. మన తల్లులలో చాలామందికే డి తక్కువగా ఉండటం వల్ల బిడ్డ పుట్టేటప్పుడు వెంట తెచ్చుకునే నిల్వ కూడా తక్కువే. అందుకే తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టిన తొలి రోజుల నుంచే 400 యూనిట్ల చొప్పున ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2008 నుంచి చెబుతోంది, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఏడాది నిండేదాకా అదే మోతాదు చెబుతోంది. ఇవ్వకపోతే అందరికీ ఏదో అవుతుందని కాదు. కానీ కాళ్ళు వంగిన బిడ్డలు, ఒంట్లో కాల్షియం పడిపోయి ఫిట్స్‌తో వచ్చే రెండు మూడు నెలల పసికందులు మా వార్డుకు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

ఇంకొకటి, పుట్టగానే తొడకు వేసే విటమిన్ కె సూది. కిలో, ఆ పైన బరువుండే బిడ్డకు 1 మిల్లీగ్రాము, అంతకంటే తక్కువుంటే అర మిల్లీగ్రాము. తల్లిపాలలో విటమిన్ కె కూడా స్వల్పమే, మావి ద్వారా అందేదీ స్వల్పమే. ఆ సూది పడని బిడ్డలలో కొందరికి రెండు వారాల నుంచి మూడు నెలల లోపు మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. దానికి వేరే చుక్కలు అక్కరలేదు, డిశ్చార్జి కార్డులో రాసి ఉందో లేదో చూసుకోండి.

సింగరేణి_రాత్రిషిఫ్టు
డాక్టరు గారూ, నా ఎండ ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రొద్దున్నే లేత ఎండలో బిడ్డను పడుకోబెట్టమని మీ వాళ్ళే చెబుతారు కదా?

పిల్లల_వార్డు
చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు లేత ఎండలో చాలా తక్కువ. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళలలోనే అవి తగినంతగా నేలకు చేరతాయి. మే నెలలో వరంగల్‌లో ఆ వేళ బిడ్డను బయట పడుకోబెట్టమని నేను చెప్పలేను, మీరూ పడుకోబెట్టరు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు, ఎందుకంటే ఆ కిరణాలను గాజు ఆపేస్తుంది. పైగా పసిబిడ్డకు టోపీ, సాక్సులు, గుడ్డ చుట్టి ముఖం మాత్రమే బయట పెడతాము. లేత ఎండకు వెళ్ళవద్దని అనడం లేదు, దానినే మందుగా లెక్కపెట్టుకోవద్దని అంటున్నాను.

కాజీపేట_నాన్న
సరే, డి వరకు ఒప్పుకుంటున్నాను. కానీ డబ్బా పాల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. పాలపొడి, పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దానిని ఇంకా గట్టి చేశారు. ఉచిత నమూనాలు ఇవ్వడం, తల్లులను కలిసి ప్రచారం చేయడం, దవాఖానలకు కానుకలివ్వడం అన్నీ నేరమే. అయినా మా బాబు పుట్టినప్పుడు తల్లికి ఇంకా మత్తు దిగకముందే ఒక నర్సమ్మ డబ్బా పేరు రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. ఏ దవాఖానో చెప్పను, ఇలాంటివి చాలాచోట్ల ఉన్నాయి.

ములుగు_ఏఎన్ఎం
కాజీపేట అన్నా, మన రాష్ట్రంలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. కోత కాన్పయినా గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టవచ్చు, కానీ పెట్టేవాళ్ళు తక్కువ. అక్కడే డబ్బాకు దారి పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాలలో లెక్కపెట్టేంతే ఉంటాయి, బిడ్డ కడుపు కూడా అంతే ఉంటుంది. ఇంట్లో వాళ్ళు ఆ కొద్దిపాటి పాలను చూసి పాలే రాలేదని కంగారు పడతారు.

హన్మకొండ చెల్లె అత్తమ్మకు చూపించడానికి సీసాల లెక్క వద్దు, బిడ్డనే చూపించండి. తొలి వారంలో బరువు కొంత తగ్గడం మామూలే, రెండు వారాలలోపు పుట్టిన బరువుకు తిరిగి రావాలి. ఆ తరువాత రోజుకు పాతిక ముప్పై గ్రాముల చొప్పున పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, పాలు తాగాక తృప్తిగా వదిలేస్తే పాలు చాలుతున్నట్టే. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావాలి, బరువు చూసి కార్డులో రాయాలి. రాకపోతే అడిగి పిలిపించుకోండి, అది మీ హక్కు.

జనగామ_మనవడు
మా నాయనమ్మ పక్కన కూర్చుని చెబుతున్నది చెప్పినట్టు రాస్తున్నాను. వస కొమ్ము అరగదీసి, ఉగ్గు గిన్నెలో నాలుగు చుక్కలు కలిపి పోస్తే బిడ్డకు మాట స్పష్టంగా వస్తుందట, అజీర్తి ఉండదట, డాక్టర్ల చుక్కలు నిన్నమొన్న వచ్చినవట. ఎండాకాలంలో నీళ్ళు పట్టకపోతే బిడ్డ నాలుక పిడచకట్టుకుపోతుందని కూడా అంటోంది.

ములుగు_ఏఎన్ఎం
నాయనమ్మకు నా నమస్కారం చెప్పి, ఇది చదివి వినిపించండి. తల్లిపాలలో నూటికి ఎనభై ఎనిమిది వంతులు నీరే. రోహిణి కార్తెలోనైనా బిడ్డ అడిగినప్పుడల్లా పాలిస్తే దాహం తీరుతుంది, నీళ్ళు తాగాల్సింది తల్లి. నీళ్ళతో కడుపు నింపితే ఆ మేరకు పాలు తాగదు, ఆ నీళ్ళు, ఆ గిన్నె శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇక వస, తేనె, గ్రైప్ వాటర్, జన్మఘుట్టి: ఇవేవీ పోషకాలు కావు. తేనెతో ఏడాది లోపు పిల్లలకు కండరాలు చచ్చుబడే అరుదైన జబ్బు రావచ్చు కాబట్టి నాలుకకు రాయడం కూడా వద్దు. డాక్టరు రాసిన విటమిన్ చుక్కలు, మందులు, ఓఆర్‌ఎస్ ఇచ్చినా “తల్లిపాలు మాత్రమే” అన్న నియమం తప్పినట్టు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనే ఉంది. గోడ మీద రాతకూ చీటీలోని డి చుక్కలకూ తగాదా లేదు.

జనగామ_మనవడు
వినిపించాను. “ఆ పిల్ల ఎన్ని కాన్పులు చూసిందట” అని అడుగుతోంది.

ములుగు_ఏఎన్ఎం
నాయనమ్మ చూసినన్ని చూశానని చెప్పండి.

వరంగల్_శాకాహారి
మా అక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటిదాకా అందరూ బిడ్డ నోట్లో ఏం వేయాలన్నదే మాట్లాడారు, తల్లి ఏం తింటోందని ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. అక్క కాన్పయ్యాక పథ్యం పేరుతో పాలు, పెరుగు కూడా ఆపేశారు. కారంపొడి, వెల్లుల్లి, అన్నం, నెయ్యి, అంతే. పాలు మాత్రం బాగా పడ్డాయి. పిల్లవాడు బొద్దుగా, తెల్లగా ఉంటే అందరూ దిష్టి తీసేవాళ్ళు. ఆరు నెలలు దాటాక వాడు నవ్వడం తగ్గింది, అంతకుముందు నిలబెట్టే తల వాలిపోతోంది, జుట్టు పలచబడి గోధుమ రంగుకు వచ్చింది, వేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడింది, చేతులు వణకడం మొదలైంది. తిరిగిన చోటల్లా “బొద్దుగానే ఉన్నాడు కదా” అన్నారు. చివరికి ఒక పెద్ద దవాఖానలో రక్తం చూసి బి12 బాగా తక్కువని తేల్చారు, తల్లికి కూడా తక్కువే. సూదులు పడ్డాక కొద్ది రోజులలోనే చూపు, నవ్వు తిరిగి వచ్చాయి. వణుకు పోవడానికి ఇంకా సమయం పట్టింది.

పాలు పుష్కలంగా ఉండటం, ఆ పాలలో బి12 ఉండటం ఒకటి కాదని మాకు అప్పుడే తెలిసింది.

పిల్లల_వార్డు
చాలా ముఖ్యమైన సంగతి రాశారు. తల్లిపాలలోని కాల్షియం, ఐరన్ తల్లి తిండిని బట్టి పెద్దగా మారవు. తల్లి ఎముకల నుంచి, నిల్వల నుంచి తీసి అయినా పాలు తయారవుతాయి, నష్టం తల్లికి. బి12, అయోడిన్, విటమిన్ ఎ లాంటివి మాత్రం తల్లికి లోపముంటే పాలలో కూడా తగ్గిపోతాయి. కాబట్టి శాకాహారి తల్లికి గర్భంలోనే బి12 చూడటం, తక్కువుంటే తల్లికి ఇవ్వడం మంచిది. బిడ్డ బొద్దుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదనుకోవద్దు, అది వచ్చే బిడ్డలు చాలామంది అలాగే ఉంటారు. నేర్చుకున్న పనులు బిడ్డ మరిచిపోతున్నట్టు అనిపిస్తే ఆ వారమే డాక్టరుకు చూపించాలి.

నర్సంపేట_వదినె
పథ్యం మాట వచ్చింది కాబట్టి నా కడుపు మంట కూడా రాస్తాను. మా దగ్గర బాలింతకు ఆకుకూర పెడితే బిడ్డకు విరేచనాలవుతాయని, పెరుగు పెడితే జలుబు చేస్తుందని, గుడ్డు పెడితే కుట్లు చీము పడతాయని అంటారు. అదే బాలింతకు అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. నా వంతు గుడ్డు నా కళ్ళ ముందే మా మరిది తినేవాడు. బిడ్డకు వందల రూపాయల చుక్కలు కొనడానికి వెనుకాడని ఇంట్లో తల్లికి ఒక గుడ్డు పెట్టడానికి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాదు.

సింగరేణి_రాత్రిషిఫ్టు
మరిదికి విటమిన్ల లోపం లేదన్నమాట.

డల్లాస్‌లో_ఓరుగల్లు
ఐరన్ గురించి ఎవరూ తేల్చలేదు. ఇక్కడ మా పాపకు నాలుగో నెల నుంచే కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఐరన్ ఇవ్వమన్నారు, తల్లిపాలు తాగే పిల్లలందరికీ అదే నియమమట. మన దగ్గర ఆరు వారాలకే రాయడం విన్నాను, ఆరు నెలల దాకా అక్కరలేదనడం కూడా విన్నాను.

పిల్లల_వార్డు
నెలలు నిండిన బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఐరన్ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలల దాకా వస్తుంది. పుట్టగానే బొడ్డుతాడును వెంటనే కత్తిరించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే ఆ నిల్వ ఇంకా పెరుగుతుంది. అమెరికా వాళ్ళు నాలుగో నెల నుంచి అంటారు, మన ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు నెలలు నిండాక వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ ఫోలిక్ సిరప్ ఇస్తారు, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఈ రెండింటిలో ఏది మెరుగన్నది వైద్యులలోనే తెగని వాదన. అదే 2019–21 సర్వేలో మన దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కాబట్టి ఆరో నెల మోతాదును మాత్రం ఎవరూ మానవద్దు. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డకు ఆరు వారాలకే ఐరన్ ఎందుకో, రాసిన డాక్టరునే అడగండి, ఏదైనా ప్రత్యేక కారణం ఉండవచ్చు.

కిలోన్నర_అమ్మ
ఈ చర్చ చదివి ఎవరైనా సీసాలన్నీ పారేస్తారేమోనని భయం వేసి రాస్తున్నాను. మా బాబు ఎనిమిదో నెలలోనే కిలోన్నరతో పుట్టాడు. వాడికి పిండిన నా పాలలోనే ఒక పొడి కలిపి పట్టారు, దానిని పాలను చిక్కపరిచే పొడి అన్నారు. డి, ఐరన్, కాల్షియం అన్నీ మొదటి నెలల్లోనే మొదలయ్యాయి. కడుపులో ఉన్న చివరి నెలల్లోనే బిడ్డ ఈ నిల్వలన్నీ కూడబెట్టుకుంటుందని, ముందే పుట్టినవాడికి ఆ అవకాశం దొరకలేదని డాక్టరు చెప్పారు. నెల తక్కువ పిల్లల తల్లులు ఈ పేజీలో “అక్కరలేదు” అన్న మాటలన్నీ దాటేయండి.

పరకాల_మందుల_దుకాణం
కిలోన్నర అమ్మ అన్నది నూటికి నూరుపాళ్ళు సరైనది. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డల లెక్క వేరు.

నేను రోజూ చూసే పొరపాట్లు కూడా చెబుతాను. విటమిన్ డి చుక్కల సీసాలు కొన్నింటిలో 1 మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింటిలో 800 యూనిట్లు ఉంటాయి. సీసా మారినప్పుడు పాత కొలతతోనే పోస్తే సగమో, రెట్టింపో అవుతుంది. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చే సీసాలలో ఒక్క చుక్కకే 400 యూనిట్లు ఉండేవి కూడా ఉన్నాయి, వాటిని మన డ్రాపరుతో నింపి పోస్తే ఎంతవుతుందో ఊహించుకోండి. ఇంకా ఘోరమేమిటంటే, పెద్దలు వారానికొకసారి తాగే 60,000 యూనిట్ల చిన్న సీసాను “డి కదా” అని పసిబిడ్డకు పట్టించబోయిన వారిని చూశాను. అది బిడ్డకు నూట యాభై రోజుల మోతాదు. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి, బిడ్డ పాలు మానేసి, వాంతులు, మలబద్ధకంతో నీరసించి, మూత్రపిండాలకు కూడా దెబ్బ తగలవచ్చు. కొనేటప్పుడే లేబుల్ మీద మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో చదివించుకోండి.

డల్లాస్‌లో_ఓరుగల్లు
బిడ్డకు బదులు తల్లే ఎక్కువ డి తీసుకుంటే పాలలోకి వస్తుందని ఇక్కడ 2015లో ఒక అధ్యయనం వచ్చింది, రోజుకు 6,400 యూనిట్లు. అప్పుడు అత్తమ్మకు సీసా కనబడే బాధ కూడా ఉండదు.

పిల్లల_వార్డు
ఆ అధ్యయనం నిజమే, ఫలితమూ నిజమే. అయితే మామూలుగా రాసే తల్లి మోతాదు అందులో పదో వంతుకు దగ్గరగా ఉంటుంది, అది బిడ్డకు చాలదు. అంత పెద్ద మోతాదును డాక్టరు పర్యవేక్షణ లేకుండా సొంతంగా మొదలుపెట్టవద్దు. బిడ్డకు చుక్కలు వేయడమే సులభం, చవక.

హన్మకొండ_బాలింత
ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. చీటీలు, కార్డు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. విటమిన్ కె సూది వేసినట్టు కార్డులో ఉంది. బరువు బాగా పెరుగుతోందని చూసి కాల్షియం, మల్టీవిటమిన్ ఆపేయమన్నారు. ఐరన్ రాసిన డాక్టరు బరువు గళ్ళలో వేరే అంకె చూసి, బిడ్డ తక్కువ బరువుతో పుట్టిందనుకున్నారట. దానిని కూడా ఆపి ఆరో నెలకు రమ్మన్నారు. డి మాత్రం కొనసాగుతుంది. అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్ళాను, నేను చెబితే వినని మాట డాక్టరమ్మ చెబితే విన్నారు. డబ్బా తెరవలేదు, దుకాణంలో తిరిగి ఇచ్చేశాము. నర్సంపేట వదినె రాసింది చదివి వినిపించాక ఇప్పుడు రోజూ నాకు గుడ్డు వస్తోంది, ఆకుకూర మీద మాత్రం ఇంకా రాజీ కుదరలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఒక రోజు డి వేయడం మరిచిపోతే మరుసటి రోజు రెండు రోజులది కలిపి వేయాలా?

పరకాల_మందుల_దుకాణం
వద్దు. మరిచిన రోజును వదిలేసి, మరుసటి రోజు మామూలు మోతాదే వేయండి. డ్రాపరును నేరుగా గొంతులోకి కాకుండా బుగ్గ లోపలి వైపు పెట్టి నెమ్మదిగా వదలండి. సీసా తెరిచిన తేదీ లేబుల్ మీద రాసుకోండి, తెరిచాక ఎన్నాళ్ళు వాడవచ్చో దాని మీదే ఉంటుంది.